మా ఊరి బావి వట్టిపోయింది

"మన బావి మళ్ళీ వట్టిపోయిందట" అని ఫోనులో తమ్ముడితో అంటున్నాను. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా ఆవిడ కిసుక్కున నవ్వింది. ఆమెది తణుకు దగ్గర పల్లె. పెళ్ళయి 38 ఏళ్ళయినా, నా తెలుగులో ఏదో ఒక మాట ఆమె చెవికి ఇప్పటికీ అన్నంలో రాయిలా తగులుతుంది.

"వట్టిపోయేది గేదె అండీ. బావి ఎండిపోతుంది" అంది.

నేను ఊరుకుని ఉండవలసింది. ఊరుకోలేదు. మా ఊళ్ళో గేదే వట్టిపోతుంది, బావీ వట్టిపోతుంది, చెరువూ వట్టిపోతుంది, మా తాత మాటల్లో అయితే పెట్టె అడుగున డబ్బులు కూడా వట్టిపోయేవి అన్నాను. "అది మీ కోలారు తెలుగు" అని తేల్చేసింది. బెంగళూరులో, మద్రాసులో, బరంపురంలో పుట్టి పెరిగిన మన పాఠకులకు ఈ తీర్పు కొత్త కాదనుకుంటాను. కృష్ణా గోదావరుల నీళ్ళు తాగినవారు మన మాట విని ముందు నవ్వుతారు, తర్వాత సరిదిద్దుతారు. సరిదిద్దించుకుని మనమూ ఊరుకుంటాం. ఈసారి మాత్రం నాకు ఆ మాట తేల్చుకోవాలనిపించింది. ఎందుకంటే ఆ వారమే మేము ఆ బావి విషయం తేల్చడానికి ఊరికి పోతున్నాం.

విషయం ఇది. కోలారు నుంచి శ్రీనివాసపురం పోయే దారిలో మాకు మూడున్నర ఎకరాలు ఉమ్మడిగా ఉంది. ఊరి పేరు చెప్పను, బేరం ఇంకా నడుస్తోంది కాబట్టి. బెంగళూరు నుంచి ఎవరో వచ్చి ఇళ్ళ స్థలాలు వేస్తామన్నారు. పెదనాయన కొడుకు, నేను, తమ్ముడు ముగ్గురం అరవై దాటినవాళ్ళమో, దాటబోతున్నవాళ్ళమో. సేద్యం చేసేవాడు లేడు. అమ్మేద్దామనే అనుకున్నాం. ఆ నేల మధ్యలో మా తాత తవ్వించిన రాతి బావి ఉంది. కొనేవారి షరతు ఒకటే, బావిని పూడ్చి చదును చేసి ఇవ్వాలి. దీనికి ఒప్పుకోనిది మా మేనత్త. ఆమెకు 84 ఏళ్ళు. ముప్పయ్యో ఏట భర్త పోయాక పుట్టింటికి వచ్చింది, అప్పటినుంచీ ఆ ఇంట్లోనే ఉంది. కాగితాల్లో ఆమె పేరు లేదు. కానీ ఆమె వద్దంటే సంతకం పెట్టే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే అన్నగారి అబ్బాయి కారులో బయలుదేరాం. "నేనూ వస్తాను, ఆ బావేదో చూస్తాను" అని మా ఆవిడ కూడా ఎక్కింది.

పాత మద్రాసు రోడ్డు మీద పోయేవాళ్ళకు హొసకోటె దాటేదాకా బెంగళూరు వదలదు. ఒకప్పుడు మా నాయన నన్ను బస్సులో తీసుకుపోయేటప్పుడు హొసకోటె చెరువు కనిపిస్తే చాలు, ఇంటికి సగం చేరినట్టు అనేవాడు. సగం కాదు, పావు వంతే. ఆ చెరువు దక్షిణ పినాకిని మీద కట్టినది. నంది కొండల చుట్టుపక్కల ఎన్ని నదులు పుడతాయో చూడండి: ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, పాపాగ్ని, చిత్రావతి. ఉత్తర పినాకిని పెన్నగా మారి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది, దక్షిణ పినాకిని కడలూరు దగ్గర కలుస్తుంది. ఇన్ని నదులకు పుట్టిల్లయిన సీమలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. పిల్లలందరినీ పరాయి ఊళ్ళకు పంపి తాను గంజి తాగే తల్లి అని మా నాయన అనేవాడు.

నదులు లేవు కాబట్టే చెరువులు. పాత కోలారు జిల్లాలో, అంటే 2007లో చిక్కబళ్ళాపురం విడిపోకముందు, చెరువులు వేలల్లో ఉండేవి. పై ఊరి చెరువు నిండి కోడి పారితే ఆ నీరు కింది ఊరి చెరువుకు, అదీ నిండితే ఇంకా కిందికి, అలా గొలుసు. కోడి అనేది కన్నడంలోంచి వచ్చిన మాట, మా ముసలివాళ్ళు మొరవ పోయిందనేవారు, గోదావరి వైపు అలుగు అంటారు. ప్రతి చెరువుకూ ఒక నీరగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో అతని మాటే చట్టం. ఇప్పుడు చెరువులు ఉన్నాయి, తూములు ఉన్నాయి, నీరగంటి పని మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

నరసాపుర దగ్గర టీ తాగడానికి ఆగాం. అక్కడి నుంచే నేను మాటల పరీక్ష మొదలుపెట్టాను. టీ కొట్టు ఆయనది కన్నడం. చెరువు నీళ్ళు పోతే కన్నడంలో ఏమంటారని అడిగాను. "కెరె బత్తిదె" అన్నాడు. ఆవు పాలు మానేస్తే? "హాలు బత్తిదె" అన్నాడు. మరి గుడ్డలు? "గుడ్డలు ఒణగుతాయి" అని ఈసారి తెలుగు కలిపి చెప్పి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. మా సీమలో ఎవరితో ఏ భాష మాట్లాడాలో ముఖం చూసి తెలుసుకుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బంగారు గనుల వైపు పోతే తమిళం. మేము వలస వచ్చినవాళ్ళం కూడా కాదు. మైసూరు రాజ్యంగా ఉన్నప్పుడూ మా ఊళ్ళో మాట తెలుగే.

కారెక్కాక మా ఆవిడకు వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది కానీ వింటోందని నాకు తెలుసు. కన్నడం 'బత్తు', తమిళం 'వట్రు', మన 'వట్టు' ఒక్క తల్లి పిల్లలు. ఇది నా ఊహ కాదు, మాటల పోలికలు చూస్తే తెలిసేదే. మన తెలుగులో 'ట్ట' ఉన్న చోట కన్నడంలో 'త్త', తమిళంలో 'ట్ర' రావడం చాలా మాటల్లో ఉంది. మనం చుట్టు అంటే కన్నడంలో సుత్తు, తమిళంలో సుట్రు. మన పుట్ట వాళ్ళకు హుత్త, తమిళులకు పుట్రు. ఇక మన 'వ' కన్నడంలో 'బ' అవుతుంది. వేరు బేరు అయింది, వెల బెలె అయింది, విత్తు బిత్తు అయింది. ఈ రెండు సూత్రాలు కలిపితే వట్టు బత్తు అయి తీరాలి. తమిళుల వంటింట్లో వత్తకుళంబు ఉంది కదా, అందులోని వత్తల్ కూడా ఇదే. ఎండబెట్టి నీరంతా పోగొట్టిన సుండకాయో, మరో కాయో వాళ్ళకు వత్తల్. ఆ లెక్కన మేము పలికే మాట మూడు భాషలకూ ఉమ్మడి ఆస్తి.

"అయితే మా వైపు ఎందుకు లేదు?" అంది.

లేకపోలేదు. వట్టిపోయిన గేదె ఉండనే ఉంది. వట్టి చేతులు, వట్టి మాటలు, వట్టి గడ్డి ఉన్నాయి. పత్రికల్లో అనంతపురం వార్తలు చదివితే వట్టిపోయిన బోర్లు అని రాస్తూనే ఉంటారు. కాలువ నీళ్ళున్న చోట బావి అలా అయ్యే అవసరం రాలేదు కాబట్టి ఆ మాట గొడ్డు దగ్గరే ఆగిపోయి ఉంటుందని నా అనుకోలు. ఇది పండితులు ఒప్పుకుంటారో లేదో చెప్పలేను. మా ఆవిడ మాత్రం ఆ పూటకు ఒప్పుకోలేదు.

నిజానికి నీరు పోవడానికి తెలుగులో ఉన్నన్ని మాటలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తడి గుడ్డ ఆరుతుంది. పుండు కూడా ఆరుతుంది, దీపమూ ఆరుతుంది. మిరపకాయ ఎండుతుంది. పులుసు పొయ్యి మీద ఇగురుతుంది, అందుకే ఇగురు కూర. వాన నీరు నేలలో ఇంకుతుంది. కన్నడంలో ఇదే ఇంగు. మన ఇంకుడు గుంత వాళ్ళకు ఇంగుగుండి. ఆకు వాడుతుంది, వడలుతుంది. అన్నం మాడుతుంది. భయపడితే గొంతు తడారిపోతుంది, దాహానికి నాలుక పిడచకట్టుకుపోతుంది. చెరువు అడుగు బీటలు వారుతుంది. వీటిలో ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి చూడండి, కుదరదు. నాలుక ఇగరదు, పులుసు ఆరదు. ఎండిపోవడం అంటే ఎండ వల్ల, బయటినుంచి వచ్చిన వేడి వల్ల తడి పోవడం. వట్టిపోవడం అలా కాదు. లోపలి ఊట ఆగిపోవడం. పాలు పొదుగులో ఊరతాయి, నీళ్ళు బావిలో ఊరతాయి. ఊరేది ఊరడం మానేస్తే అది వట్టిపోవడం. మా ఊళ్ళో గుడ్డ వట్టిపోయింది అని ఎవరూ అనరు. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. కానీ ఇందులో సగం కూడా అప్పటికి నాకు తెలియదు. ఆ మిగతా సగం అత్త చెప్పింది.

కోలారులో అంతరగంగె చూసి పోదామని అబ్బాయి అన్నాడు. మాకు ఆలస్యమవుతుందని తెలిసినా మా ఆవిడ కోసం ఆగాం. ఊరి పక్కనే రాళ్ళ కొండ, శతశృంగ పర్వతం అంటారు. మెట్లెక్కి పోతే కాశీవిశ్వేశ్వరుడి గుడి, పక్కన కల్యాణి. అక్కడ రాతి బసవడి నోట్లోంచి నీటి ధార పడుతుంది. ఏ కాలంలో పోయినా పడుతూనే ఉంటుందని ప్రసిద్ధి. జిల్లా అంతా చుక్క నీటికి కటకటలాడినప్పుడూ కొండ ఎక్కి పట్టుకున్నవారున్నారు. ఆ పూట ధార చిటికెన వేలంత లావుండేది. మా ఆవిడ దోసిలి పట్టి తాగి, "ఇది వట్టిపోదా?" అంది. ఆ మాట తానే వాడానని ఆమె గమనించలేదు. నేనూ గుర్తు చేయలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అంతమాత్రం నేర్చుకున్నాను.

కోలారుకు పాలు, పట్టు, బంగారం అని పేరు. బంగారం కథ 2001 ఫిబ్రవరి 28న ముగిసింది, ఆ రోజుతో గనులు మూతపడ్డాయి. పట్టు ఉంది. పాలు మాత్రం ఇప్పటికీ ఈ జిల్లాను మోస్తున్నాయి. ఏ ఊరికి పోయినా పొద్దున్నా సాయంత్రం పాల సంఘం ముందు క్యాన్ల వరస కనిపిస్తుంది. నీళ్ళు లేని చోట ఇంత పాలు ఎక్కడివని ఎవరికైనా అనుమానం రావాలి. మేత కోసం బోరు, ఆవు తాగడానికి బోరు, ఆవును కడగడానికి బోరు. ఆ బోర్లు 1000 అడుగులు దాటి చాలాకాలమైంది. 1500 అడుగులు వేసినా దుమ్ము తప్ప ఏమీ రాని చోట్లున్నాయి. వచ్చిన చోట ఫ్లోరైడు ఎక్కువ. దారి పొడవునా నీలగిరి తోపులు కనిపిస్తాయి, వాటి వేళ్ళు కూడా తమ వంతు తాగుతాయి. శ్రీనివాసపురం వైపు మళ్ళాక మామిడి తోటలు మొదలయ్యాయి. అప్పుడే పూత. ఆ వాసనకు కారు అద్దాలు దించాం.

మా చిన్నప్పుడు ఆ బావి మీద కపిలె ఉండేది. రెండెద్దులు ఏటవాలు దారిలో కిందికి నడిస్తే తోలు బాన నీళ్ళతో పైకి వచ్చి తొట్టిలో కుమ్మరించేది. ఎద్దులు కిందికి నడిచేటప్పుడు తాడు మీద కూర్చోవడం మా పిల్లల ఆట, తాత చూస్తే తిట్టేవాడు. చదరపు బావి, నాలుగు వైపులా రాతి కట్టడం, ఒక మూల 42 మెట్లు. 1972లో కరెంటు మోటారు వచ్చింది. 1988లో పక్క చేనులో ఎవరో బోరు వేశారు, మరుసటేడు మేమూ వేశాం. ఎవరి బోరు ఎవరి బావిని తాగిందో లెక్కలు తీయడం ఇప్పుడు అనవసరం. 1996లో బావి అడుగు కనిపించింది. నాయన ఆ రోజు బెంగళూరుకు ఉత్తరం రాశాడు. అందులో కుశలప్రశ్నల తర్వాత ఒక్క వాక్యం: బావి వట్టిపోయినది. ఎండిపోయినది అని రాయలేదు. ఉత్తరం ఇంకా నా దగ్గర ఉంది.

అత్త అరుగు మీదే కూర్చుని ఉంది. "ఏమప్పా, పొద్దున బయలుదేరి ఇప్పుడా రావడం? ఆయమ్మను ఎండలో తిప్పినావా?" అని మా ఆవిడ చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. భోజనాలయ్యాక, రాగి సంగటి, అనపకాయల పులుసు, అది వేరే చెప్పాలి, కానీ ఇక్కడ వద్దు, అన్న తన సంచిలోంచి క్రయపత్రం చిత్తు ప్రతి తీశాడు. పత్రం కన్నడంలో ఉంది. అబ్బాయి పైకి చదివాడు. సర్వే నంబరు, చెక్కుబందీ, ఎకరాలు, గుంటలు. తర్వాత "సదరి జమీనినల్లిరువ పాళు బావి" అని వచ్చింది.

అత్తకు చదువు రాదు. కన్నడం చెవికి బాగా తెలుసు. "ఆపు. ఏం బాయి?" అంది.

"పాళు బావి, అవ్వా. పాడుబడిన బావి అని."

"పాళు ఎట్లయితాది? రాయి కదిలిందా? గోడ కూలిందా? మెట్లు ఉండాయి కదా. వట్టిపోయింది. అంతే."

"అన్నీ ఒకటే అత్తా" అన్నాడు అన్న. "నీళ్ళు లేవు. 2023 కరువులో ఉన్న బురద కూడా పోయింది. నీళ్ళు లేని బావిని ఏమంటే ఏం?"

అత్త గొంతు పెంచలేదు. "ఆవు వట్టిపోతాది. మళ్ళీ ఈనుతాది. మళ్ళీ పాలిస్తాది. గొడ్డుబోయింది వేరే, వట్టిపోయింది వేరే. ఈ ఇంట్లో పుట్టినోడివి, నీకు తెలీదా?"

నేను తలెత్తి మా ఆవిడ వైపు చూశాను. ఆమె అత్త వైపే చూస్తోంది.

మాటకు ఉన్న ఈ ముఖం నాకు ఎన్నడూ తట్టలేదు. పాడి తెలిసినవాళ్ళకు ఇది పాఠం చెప్పవలసిన విషయం కాదు. చూడి ఆవు తొమ్మిది నెలలు దాటి మోస్తుంది. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పితకడం మానేస్తారు, దూడకు బలం చేరాలని, పొదుగుకు విశ్రాంతి కావాలని. పాల సంఘం డాక్టర్లు కూడా ఇదే చెబుతారు. అంటే వట్టిపోవడం ఆవు బతుకులో ఒక దశ, రెండు ఈతల మధ్య విరామం. గొడ్డుబోవడం ముగింపు. కన్నడంలో కూడా గొడ్డు అంటే గొడ్డే. మా నాయన ఉత్తరంలో ఎండిపోయినది అని రాయకపోవడానికి కారణం ఇదేనేమో అడుగుదామంటే ఆయన లేడు. బహుశా ఆయన ఏమీ ఆలోచించకుండానే రాసి ఉంటాడు. మాట తెలిసినవాడు ఆలోచించి రాయడు.

అన్న కూడా తక్కువవాడు కాదు. "ఇప్పుడు వట్టిపోయిన ఆవును ఎవడు మేపుతున్నాడత్తా? మేత రేటెంత? వట్టిపోతానే సంతకు తోలుతున్నారు" అన్నాడు. ఇది అబద్ధం కాదు. అబ్బాయి కూడా తలూపాడు.

అత్త కొంచెంసేపు మాట్లాడలేదు. తమలపాకు తొడిమె తుంచి పక్కన పెట్టింది. "అమ్మేటోడు అమ్ముతాడు. కొనేటోడు ఏం చూసి కొంటాడు? చూడి చూసే కదా" అంది.

దానికి మాలో ఎవరికీ జవాబు దొరకలేదు. లేచి బావి దగ్గరికి పోయాం.

అత్త ధీమాకు ఆధారం లేకపోలేదు. 2021 నవంబరులో కురిసిన వానలకు కోలారు చెరువులు ఎన్నో ఏళ్ళ తర్వాత నిండి పారాయి. మా చెరువు కోడి పోవడం చూడడానికి పెళ్ళిళ్ళయి పోయిన ఆడపిల్లలందరూ ఊరికి వచ్చారు. తెప్పోత్సవం చేశారు. పాలారులో ఆ నెల వేలూరు దగ్గర వచ్చిన వరద గురించి పత్రికల్లో చదివే ఉంటారు, అది మా వైపు నుంచి పోయిన నీరు కూడా. పాతికేళ్ళు వట్టిపోయిన మా బావిలో డిసెంబరుకల్లా తొమ్మిది మెట్ల నీరు చేరింది. అత్త ఒక చెంబెడు తెప్పించి, పసుపు కుంకుమ వేసి, మొదట గంగమ్మకు పోసి, తర్వాత తాను ఒక గుక్క తాగిందట. రెండేళ్ళు ఆ నీరు ఉంది. తర్వాతి కరువుకు మళ్ళీ పోయింది. కాబట్టి అన్న చెప్పేదీ నిజమే, అత్త చెప్పేదీ నిజమే.

ఇంకొక సంగతి కూడా ఉంది. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోరమంగళ, చల్లఘట్ట లోయల నుంచి గొట్టాలతో కోలారు చెరువులకు పంపే పథకం ఒకటి 2018లో మొదలైంది. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు లెక్క. ఆ జూన్‌లో మొదట లక్ష్మీసాగర చెరువులో నీళ్ళు పడ్డాయి. కొద్ది రోజులకే నురగ కనిపించి గొడవ అయింది, కోర్టుల దాకా పోయింది. మళ్ళీ సాగింది. ఆ నీరు తాగడానికి కాదు, చెరువులో నిలిచి భూమిలోకి ఇంకడానికి. నిండిన చెరువుల చుట్టుపక్కల బోర్లలో నీరు పైకి వచ్చిందని రైతులు సంతోషిస్తున్నారు. ఇంకా బాగా శుద్ధి చేయాలని వాదించేవారూ ఉన్నారు. రెండింటిలోనూ న్యాయం ఉందని నాకనిపిస్తుంది. మా చెరువు ఆ జాబితాలో లేదు. పైన ఉన్న ఊరి చెరువు ఉంది. అక్కడి ఊట ఇటు వస్తుందని అబ్బాయి ఆశ. "బెంగళూరోళ్ళు కడుక్కున్న నీళ్ళు నా బాయిలో ఊరేదా?" అని అత్త ముఖం చిట్లించింది. ఆ కడుక్కున్నవాళ్ళలో మేమూ ఉన్నామని నేను గుర్తు చేశాను. నవ్వింది కానీ మాట మార్చలేదు.

బావి దగ్గర నిలబడితే నేను అనుకున్నంత పాడుగా ఏమీ లేదు. రాళ్ళు చెక్కుచెదరలేదు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. ఇరవయ్యో మెట్టు దగ్గర సందులో రావి మొక్క మొలిచి రెండడుగులు పెరిగింది. అడుగున ఎండుటాకులు, ఒక చెప్పు, కొన్ని సీసాలు. నేనూ అబ్బాయీ దిగాం. కిందికి పోయేకొద్దీ ఎండ తగ్గి ఒళ్ళు చల్లబడింది. అడుగున ఆకులు తొలగించి మట్టి పట్టుకు చూశాను. పొడి పొడిగా రాలింది. అబ్బాయి మూలనున్న రాతి పలక ఎత్తాడు. దాని కింది మట్టి నల్లగా, కొంచెం చల్లగా ఉంది. అది ఊటో, నీడపట్టున మిగిలిన చెమ్మో చెప్పడానికి నాకు అనుభవం చాలదు. పైకి వచ్చి అన్నతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అన్న తానూ దిగి చూసి వచ్చాడు. మోకాళ్ళ నొప్పులతో 42 మెట్లు దిగి ఎక్కడం చిన్న సంగతి కాదు.

పైకి వచ్చాక ఆయాసం తీర్చుకుంటూ, "ఐదు గుంటలు వదిలేద్దాం" అన్నాడు.

నలభై గుంటలు ఒక ఎకరం. మూడున్నర ఎకరాల్లో ఐదు గుంటలంటే పెద్ద లెక్క కాదు, కానీ నేల నడుమ ఉన్న ఐదు గుంటలు. దారి కూడా వదలాలి. సర్వేయరు వచ్చి కొలిచి పోడి చేయాలి. కొనేవారి పటం మొత్తం మారుతుంది. ధర తగ్గించమంటారు, లేదా బేరమే వద్దంటారు. తమ్ముడికి ఫోను చేస్తే వాడు మొదట కోపగించుకున్నాడు. వాడి కూతురి పెళ్ళి ఉంది, వాడి కోపంలో తప్పు లేదు. ధర తగ్గితే ఆ తగ్గిన మొత్తం అన్న, నేను చెరి సగం భరిస్తామని చెప్పాక మెత్తబడ్డాడు. అత్తకు ఇదేమీ చెప్పలేదు. చెబితే అదొక గొడవ.

తిరిగి వస్తుంటే చీకటి పడింది. మా ఆవిడ ఫోనులో తణుకులో ఉన్న వాళ్ళ అక్కతో మాట్లాడుతోంది. అంతరగంగె గురించి చెప్పింది, సంగటి గురించి చెప్పింది. "బావా? పెద్దదే. ఇప్పుడు నీళ్ళు లేవులే అక్కా, వట్టిపోయింది" అంది. అవతల అక్క ఏదో అన్నట్టుంది. "గేదెలే కాదు, బావులూ అంతే" అని ఈవిడ గట్టిగా సమాధానం చెప్పింది. నేను నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాను.

మార్చిలో కొత్త చిత్తు ప్రతి వచ్చింది. బావి, దాని చుట్టూ ఐదు గుంటలు, పది అడుగుల దారి అమ్మకంలో చేరవని రాశారు. వర్ణన ఉన్న చోట పాళు తీసేసి "బత్తిద బావి" అని పెట్టారు. కొనేవారు ఇంకా ఏమీ తేల్చలేదు. అత్తకు అబ్బాయి ఫోనులో చదివి వినిపించాడు. మొత్తం విని, ఆ రావి మొక్కను వేళ్ళతో సహా తీయించారా లేక పైపైన కోశారా అని అడిగిందట. పైపైనే కోశాం. వానలు పడే లోపల మళ్ళీ ఒకసారి పోయి రావాలి.